సాయిబిణ్ రాని ఇల్లు

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్ పట్టణంలో సొంత ఇంట్లో కాపురం ఉంటున్న ఉమామహేశ్వరి ఫుర్తాదో అనే నేను, కీర్తిశేషులు కజెటాన్ ఫుర్తాదో భార్యను, సామర్లకోటలో పుట్టి పెరిగినదాన్ని, డెబ్బై రెండేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా సొంత తెలివితో రాస్తున్న కడపటి వీలునామా ఇది.

తెలివి సరిగ్గానే ఉందనడానికి రుజువు కావాలంటే: పోయిన నెల డాక్టరు నాకు ఐదు మాటలు చెప్పి, వేరే కబుర్లలో పెట్టి, పది నిమిషాల తర్వాత ఆ ఐదూ చెప్పమన్నాడు. వరస తప్పకుండా చెప్పాను. గడియారం బొమ్మ గీయమంటే గీశాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో ఒకరి రక్తం సీసా మీద ఇంకొకరి పేరు పడకుండా చూసినదాన్ని, నా ఆస్తి మీద నా పేరు ఎక్కడుందో నాకు తెలుసు. కోపం మాత్రం ఉంది. కోపంలో రాసింది చెల్లుతుందా అని లాయరు దామోదర్ గారిని ముందే అడిగాను. "కోపం ఉండొచ్చమ్మా, కన్‌ఫ్యూజన్ ఉండకూడదు" అన్నారు. కన్‌ఫ్యూజన్ లేదు.

దీన్ని తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే కోర్టుకు సులువని దామోదర్ గారు రెండుసార్లు చెప్పారు. నాకు ఇంగ్లీషులో దరఖాస్తులు రాయడం వచ్చు, తిట్టడం రాదు. ప్రమాణం చేయించిన అనువాదం ఆయనే జత చేస్తారు. రెండింటికీ తేడా వస్తే నా తెలుగు మాటే చెల్లాలి.

1. ఇదివరకు నేనూ మా ఆయనా కలిసి రాసుకున్న వీలునామాను పూర్తిగా రద్దు చేస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత సుమతికి అప్పగిస్తున్నాను. సుమతి ఇరవై రెండేళ్ళు నాతోపాటు అదే ల్యాబులో పనిచేసింది. తెలుగు చదవగలదు, మొహమాటం లేదు. ఈ పనికి మొహమాటం లేకపోవడమే ముఖ్యం. కింద రాసినవాటిలో కొన్ని ఎదుటివాళ్ళ ముఖం మీదే చదవాల్సినవి ఉన్నాయి. నెమ్మదిగా చదవాలని, మధ్యలో ఎవరైనా లేచి బయటికి పోతే వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగనక్కర్లేదని సుమతిని కోరుతున్నాను.

2. ఈ ఇంటినీ, ఇంటి వెనక స్థలాన్నీ, బ్యాంకులో ఉన్నదాన్నీ నా ఏకైక కూతురు ఇషాకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఇషా మిషిగన్‌లోని నోవైలో కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంటిని అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు, తన ఇష్టం. షరతు ఒక్కటే. ముందుగదిలో తూర్పుగోడకు వాళ్ళ నాన్న చెక్కతో చేసిన గూడు ఉంది. ఇల్లు చేతులు మారేముందు దాన్ని జాగ్రత్తగా ఊడదీయించి తన ఇంటికి తీసుకుపోవాలి.

గూడు ఎందుకో తెలియనివాళ్ళకు చెబుతాను. గోవా కాథలిక్కులకు మరియ తల్లి అంటే ప్రాణం. ఆమెను వాళ్ళు ప్రేమగా సాయిబిణ్ అంటారు, అంటే దొరసానమ్మ అన్నట్టు. ఏటా అక్టోబరులో సాయిబిణ్ విగ్రహం వాళ్ళ ఇంటింటికీ వస్తుంది. ఒక ఇంట్లో ఒక రోజు ఉంటుంది. మర్నాడు సాయంత్రం ఆ ఇంటివాళ్ళే మోసుకెళ్ళి తర్వాతి ఇంటివాళ్ళకు అప్పగిస్తారు. అప్పుడు చుట్టుపక్కల గోవావాళ్ళంతా అక్కడ కూడి, వయొలిన్ పెట్టుకుని లదైన్ పాడతారు. లదైన్ అంటే ఆ తల్లి నామావళి. మన సహస్రనామంలాగే, ఒకరు పేరు ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకుంటారు. ఆఖర్న అందరికీ శనగ గుగ్గిళ్ళు, పెద్దవాళ్ళకు చిన్న గ్లాసులో ఫెనీ, అంటే గోవా జీడిమామిడి సారా. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఎవరో ఆ గుగ్గిళ్ళు నా చేతిలో పోసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. దసరాల్లో మా అమ్మ అవే చేసి పంచేది. అంత దూరం వచ్చి, తెలియని దేవత ముందు నిలబడితే, ప్రసాదం మాత్రం మా ఇంటిదే.

1995 నుంచి 2023 దాకా సాయిబిణ్ ఏటా ఆ గూట్లో కూర్చుంది. కరోనా ఏడాది ఇంట్లోకి రాకుండా డ్రైవ్‌వేలో కారు డిక్కీ మీద కూర్చుంది. మూతులకు గుడ్డలు కట్టుకుని పాడాం. మొత్తం ఇరవై తొమ్మిదిసార్లు. నేను లెక్కపెట్టాను, ఎవరైనా పెట్టాలి కదా.

ఇషా మంచి పిల్ల. అయితే కింద ఆరో అంశంలో ఉన్న గొడవ చెప్పుకుంటే ఫోన్లో, "అమ్మా, వాళ్ళు అంతే. జస్ట్ లెట్ ఇట్ గో. నువ్వు నోవై వచ్చెయ్, స్నో చూస్తావ్" అంది. మంచు నేను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. వదిలెయ్యమన్నందుకు నొచ్చుకున్నాను. అమ్మ నొచ్చుకుందని తనకు తెలియాలి, అందుకే రాశాను.

3. మా ఆయన వయొలిన్, కమాను, పెట్టెతో సహా, జనీస్ నొరోన్హాకు. జనీస్‌కి పదహారేళ్ళు. ఇక్కడి రారిటన్ గోవన్ సంఘం అధ్యక్షుడు సెబాస్టియన్ నొరోన్హా, అదే సెబీ, కూతురు. తండ్రి పేరు ఈ కాగితంలో ఇంకా చాలాసార్లు వస్తుంది, మంచిగా కాదు. కానీ జనీస్ ఏడో ఏట మా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కాళ్ళు నేలకు అందకపోతే నా టెలిఫోన్ డైరెక్టరీలు కింద పెట్టుకుని నేర్చుకుంది. తండ్రి చేసినదానికి పిల్లను శిక్షించడం సెబీకి చేతనవుతుందేమో, నాకు చేతకాదు. మూడో తీగ తరచూ తెగుతుంది. స్పేరువి పెట్టె మూతలో ఉన్నాయి.

4. వంటింటి సామాను హాసినికి. హాసిని విజయవాడ పిల్ల, సాఫ్ట్‌వేరులో పనిచేస్తుంది, గోవా అబ్బాయి నెవిల్ మస్కరెన్హాస్‌ను పెళ్ళి చేసుకుంది. నాలుగేళ్ళ కూతురు ఆద్య. మా ఇంటికి రెండు మలుపుల అవతల ఉంటారు. నాలుగు కిలోల శనగలు పట్టే గిన్నె, కొబ్బరి కోరే పీట, బెబింకా కాల్చే మందపు తట్ట తనకు. బెబింకా అంటే కొబ్బరిపాలు, గుడ్డుసొన, పంచదార కలిపి పొర మీద పొరగా ఏడు పొరలు వేసి పైనుంచి కాల్చే తీపి. ఒక్కో పొర ఎర్రబడేదాకా ఆగాలి. పని త్వరగా తెమలాలనుకునేవాళ్ళు నాలుగు పొరలతో సరిపెట్టేస్తారు. హాసిని ఏడూ వేస్తుంది.

ఇంకో విషయం, సందర్భం వచ్చింది కాబట్టి. నేను పుట్టాక పంది మాంసం నోట పెట్టలేదు. అయినా సంఘం క్రిస్మసు విందుకు ముప్పై ఏళ్ళు ఆ మాంసంతోనే చేసే సొర్పొతెల్ కూర నేనే వండాను. కాలేయం వేయించి, వెనిగర్ పోసి, మూడు రోజులు ముందే చేసి, రోజూ వెచ్చబెట్టి. రుచి చూడకుండానే, ఉప్పు చాలిందో లేదో వాసనను బట్టి చెప్పేదాన్ని. గోవాలోని మర్గావ్‌లో తిన్నట్టుందని కళ్ళు తుడుచుకుంటూ తిన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు ఈనాటి కార్యవర్గంలో ఉన్నారు.

5. మా అమ్మ వెండి కుంకుమభరిణ సన్నీవేల్‌లో ఉన్న నా చెల్లెలు రాగిణికి. నిండుగా కుంకుమ పోసి ఇవ్వాలి. 2003లో తన గృహప్రవేశానికి నన్ను పిలిచి, వ్రతం పీటల మీద కూర్చునే వేళకి, "అక్కా, నువ్వు కాస్త కిచెన్‌లో చూసుకోవే, మా అత్తగారివాళ్ళు ఏమైనా అనుకుంటారు" అంది. చూసుకున్నాను. ఎనభై మందికి పులిహోర కలిపాను. చెల్లెలింట్లో కాథలిక్కువాడి పెళ్ళాన్ని, సంఘంలో హిందూ ఆడదాన్ని. వంటకు మాత్రం రెండువైపులా పనికొచ్చాను.

రాగిణిని క్షమించానా అని ఎవరైనా అడిగితే, భరిణ ఇచ్చానని చెప్పండి.

6. రారిటన్ గోవన్ సంఘానికి నా ఆస్తిలోంచి చెంచా కూడా చెందదు. కారణం ఇది.

మా ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారు. ఆ అక్టోబరులో నేనే సంఘానికి ఫోన్ చేసి, ఇంట్లో ఏడాది మైల ఉంది, ఈసారికి సాయిబిణ్‌ని మా ఇల్లు దాటించి తర్వాతి ఇంటికి తీసుకెళ్ళండి అని చెప్పాను. ఈసారికి అన్నాను. 2025 అక్టోబరు వచ్చింది. ఎప్పటిలాగే సెబీ ఇంటి తర్వాత వరస మాదే అనుకున్నాను. గూడు కడిగి బంతిపూలు పెట్టాను. నాలుగు కిలోల శనగలు నానబోసి ఉడికించి కొబ్బరి ముక్కలు కలిపాను. ఐసెలిన్‌లో మనవాళ్ళ దుకాణానికి వెళ్ళి కొత్త ప్రమిద తెచ్చాను. సాయంత్రం ఆరు గంటలకు చీర మార్చుకుని తలుపు తెరిచి నిలబడ్డాను. ఏడింటికి ఒకదాని వెనక ఒకటి పదకొండు కార్లు మా ఇంటి ముందునుంచి వెళ్ళాయి. మొదటి కారులో ముందు సీట్లో, బెల్టు పెట్టి, సాయిబిణ్. ఆగలేదు. హాసినివాళ్ళ వీధిలోకి తిరిగిపోయాయి.

ఆ ఏడాది ఇళ్ళ జాబితా సంఘంవాళ్ళు ఈమెయిల్లో పంపారట. ఎవరికి? కజెటాన్ ఫుర్తాదోకి. చనిపోయిన మనిషికి. మా ఇంటి నుంచి వాళ్ళ దగ్గర ఉన్న పేరు అదొక్కటే. వంట జాబితాలో మాత్రం ముప్పై ఏళ్ళూ నా ఫోన్ నంబరే ఉంది.

సెబీకి ఫోన్ చేశాను. "ఉమా ఆంటీ, ప్లీజ్, పర్సనల్‌గా తీసుకోకండి. మీ ఇంట్లో ఇప్పుడు కాథలిక్కులు లేరు కదా. రూల్ ఎప్పటినుంచో ఉంది" అన్నాడు. మర్నాడు చర్చికి వెళ్ళి ఫాదర్ని అడిగాను. చర్చికి అలాంటి రూలేమీ లేదని, ఎవరు రమ్మంటే వాళ్ళింటికి తల్లిని తీసుకెళ్ళవచ్చని ఆయన చెప్పారు. కాబట్టి సెబీ నాకు అబద్ధం చెప్పాడు. అబద్ధాలకోరు అన్న మాటను సుమతి రెండుసార్లు చదవాలి.

కార్లు దాటిపోయిన సాయంత్రం ఏం చేశానో కూడా రాస్తాను. అంత గుగ్గిళ్ళు ఎవరు తింటారు? గిన్నె కారులో పెట్టుకుని హాసిని ఇంటికి డ్రైవ్ చేశాను. నన్ను చూసి అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒక్కరూ ముఖంలోకి చూడలేదు. లదైన్ మొదలైంది. లదైన్‌కి మొదటి గొంతు ఎవరైనా పాడతారు. దాని కింద సాగే రెండో గొంతు ఆ సంఘంలో నాది. నేను నోరు తెరవలేదు. నాలుగో నామం దగ్గరికి వచ్చేసరికి పాట కుంటింది, ఆరో నామం దగ్గర ఆగిపోయింది. అందరూ నావైపు చూశారు. అప్పుడు చూశారు! నేను ప్లేట్లు సర్దుకుంటూ ఉన్నాను. ఎలాగో ముగించారు. తర్వాత గుగ్గిళ్ళు పంచాను. కార్యవర్గంలో తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందీ తిన్నారు. సెబీ రెండోసారి వేయించుకున్నాడు.

అందరూ వెళ్ళాక హాసిని నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, నెవిల్‌కి ఏమైనా అయితే మా ఇంటికి కూడా రారా? ఆద్యకి నేను ఏం చెప్పాలి?" అంది. ముప్పై మూడేళ్ళ పిల్ల. ఖాళీ గిన్నె కారులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

7. నోటుబుక్కు గురించి.

మా ఆయన మేనత్త ఎస్పెరాన్స్ రెబెలో. మేం ఎస్పెరాన్స్ తిమాయ్, అంటే ఎస్పెరాన్స్ అత్త, అనేవాళ్ళం. గోవాలో కుర్తోరిం అనే ఊరి నుంచి వచ్చింది. ఈ వంటింట్లోనే కొబ్బరి కోరుతూ నాకు రెండో గొంతు నేర్పింది. నాకు ఆ లాటిన్ మాటలూ కొంకణి పాటలూ నోరు తిరగకపోతే ల్యాబు నుంచి తెచ్చిన ఆకుపచ్చ అట్ట పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. గొంతు ఎక్కే చోట పైకి బాణం, దిగే చోట కిందికి బాణం, ఊపిరి తీసుకునే చోట చుక్క. పదహారేళ్ళు రాశాను. నూట నలభై రెండు పేజీలు. తిమాయ్ 2011లో పోయింది. ఆమెకు వచ్చిన రెండో గొంతు ఇప్పుడు మా సంఘంలో నాకు తప్ప ఎవరికీ రాదు, ఆ పుస్తకంలో తప్ప ఎక్కడా రాసి లేదు.

సాయిబిణ్ నా గుమ్మం దాటిపోయిన పదో రోజున సంఘం నుంచి ఉత్తరం. ఈసారి నా పేరునే వచ్చింది. సంఘానికి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయట, గోవా వారసత్వం మీద పెద్ద పుస్తకం వేస్తున్నారట, "మన సముదాయపు అమూల్య సంపద" అయిన నోటుబుక్కును స్కానింగుకు ఇవ్వాలట. కింద, అచ్చులో ఎలా వేస్తారో కూడా నమూనా పంపారు: సౌజన్యం, కీర్తిశేషులు కజెటాన్ ఫుర్తాదో. మా ఆయన వయొలిన్ బ్రహ్మాండంగా వాయించేవారు. ఆ పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు.

నేను పరాయిదాన్ని. నా చేతిరాత మాత్రం వాళ్ళ వారసత్వం. కూరలో కరివేపాకును తీసి పారేసేవాళ్ళను చూశాను గానీ, పారేశాక వాసన కోసం మళ్ళీ వెతుక్కునేవాళ్ళను ఇక్కడే చూశాను. కాబట్టి ఆ ఆకుపచ్చ పుస్తకాన్ని నా శవంతోపాటు దహనం చేయాలని, పేజీ కూడా ఎవరికీ ఇవ్వకూడదని సుమతిని ఆదేశిస్తున్నాను.

8. ఏడో అంశం రాసి పన్నెండు రోజులైంది.

మధ్యలో సుమతి ఈ ఇంటి దస్తావేజు అడిగింది. అది వెతుకుతూ మా ఆయన ఫైళ్ళు తీశాను. ఆయన ప్రతిదీ దాచేవారు, పాత ఫ్రిజ్ గ్యారంటీ కాగితంతో సహా. ఒక ఫైలు మీద ఆయన చేతిరాతతో "సంఘం, 1998" అని ఉంది. ఆ ఏడాది సంఘాన్ని రిజిస్టరు చేయించారు. అప్పుడు కార్యదర్శి ఆయనే. నియమావళి చిత్తుప్రతులు రెండు ఉన్నాయి. మొదటిది వేరెవరో టైపు చేసింది. అందులో సాయిబిణ్ యాత్ర గురించి, దంపతులిద్దరూ కాథలిక్కులైన ఇళ్ళకే అని ఉంది. ఆ వాక్యాన్ని కొట్టేసి పక్కన మా ఆయన సొంత చేత్తో రాశారు: దంపతుల్లో ఒక్కరే కాథలిక్కు అయిన పక్షంలో, ఆ సభ్యుడు జీవించి ఉన్నంత కాలం. కింద సంతకం. రెండో ప్రతిలో అదే శుభ్రంగా టైపు అయి ఉంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు ప్రతులూ మళ్ళీ మొదటినుంచి చదివాను.

ముందుగా న్యాయం: సెబీ అబద్ధం చెప్పలేదు. ఆరో అంశంలో అబద్ధాలకోరు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మాటను మాత్రమే. రూలు ఉంది కాబట్టి మనిషిని దాటిపోవచ్చు అనుకున్నవాడి మీద నా కోపం అలాగే ఉంది. పైన రాసినవన్నీ కొట్టేసి మళ్ళీ శుభ్రంగా రాయమని దామోదర్ గారు అంటున్నారు. రాయను. నేను తెలియక ఎంత మాట అన్నానో కూడా నా వాళ్ళు చదవాలి.

ఇక కజెటాన్, మీతో.

మీరు నా కోసమే ఆ మాట రాశారని నాకు అర్థమవుతోంది. అసలు రానిచ్చేది లేదన్నవాళ్ళతో బేరమాడి నన్ను లోపలికి తెచ్చారు. మంచిది. కానీ ఆ బేరంలో నా వంతు మీ ఊపిరి ఉన్నంతవరకే అని ఒప్పుకుని సంతకం పెట్టారు. ఆ తర్వాత ఇరవై అయిదు అక్టోబర్లు నేను శనగలు నానబోస్తుంటే పక్కన కూర్చుని వయొలిన్ శ్రుతి చేసుకున్నారు. ఒక్కసారి చెప్పలేదు. మీకన్నా నేను ముందు పోతాననుకున్నారా? లేక నాకు తెలిసే రోజుకు మీరు ఉండరు కాబట్టి ఫరవాలేదనుకున్నారా? మీకు గట్టిగా మాట్లాడటం రాదు. పెళ్ళి రోజున కూడా మీ తరఫున తిమాయే మాట్లాడింది. నాకు వచ్చు కదా! 1998లో సంఘమంటే పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళకూ జ్వరమొస్తే గంజి, పురుడొస్తే పథ్యం నా వంటింట్లోంచే వెళ్ళేవి. తిమాయ్ బతికే ఉంది. నాకు ఒక్క మాట చెప్పి ఆ మీటింగుకు నన్ను పంపి ఉంటే ఆ వాక్యం అప్పుడే పోయేది. మీ మొహమాటం మూలంగా అది ఇన్నేళ్ళు బతికింది, ఇప్పుడు హాసిని గుమ్మం దగ్గర కాచుకుని ఉంది.

9. ఏడో అంశంలో నోటుబుక్కును దహనం చేయమని రాసిన భాగాన్ని రద్దు చేస్తున్నాను. నేను దాన్ని కాల్చేస్తే తిమాయ్ గొంతు పోతుంది, ఆ వాక్యం మిగులుతుంది. నాకు కావాల్సింది తలకిందులు.

ఆకుపచ్చ నోటుబుక్కు హాసినికి చెందుతుంది. తనకు తెలుగు చదవడం వచ్చు, గొంతు ఉంది, పోయిన నెల నుంచి ఆదివారాలు వచ్చి నా దగ్గర నేర్చుకుంటోంది. రారిటన్ గోవన్ సంఘం దాన్ని అచ్చు వేసుకోవచ్చు. ఎప్పుడంటే: సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఆ వాక్యాన్ని నియమావళిలోంచి తీసేయాలి. తీసేసినట్టు మినిట్సులో రాసి, ఎత్తిన చేతుల పేర్లతో సహా సుమతికి ఇవ్వాలి. ఆ వచ్చే అక్టోబరులో సాయిబిణ్ మొదటి ఇల్లు హాసినిది కావాలి, జాబితాలో హాసిని పేరు ఉండాలి, నెవిల్ పక్కన ఉంటే ఉండొచ్చు. పుస్తకంలో ఎస్పెరాన్స్ రెబెలో నేర్పింది, ఉమామహేశ్వరి రాసింది అని వేయాలి. సౌజన్యాలు అక్కర్లేదు.

ఇవేవీ చేయకపోతే పుస్తకం హాసిని బీరువాలోనే ఉంటుంది. పిల్లలెవరైనా నేర్చుకుంటామని తలుపు తడితే మాత్రం, సెబీ పిల్లలైనా సరే, కాదనకుండా కూర్చోబెట్టి నేర్పాలి. తిమాయ్ నన్ను గుమ్మంలో ఆపి నీది ఏ మతం అని అడగలేదు. కొబ్బరికాయ చేతిలో పెట్టి కోరమంది.

10. నా శరీరాన్ని మా ఆచారం ప్రకారం దహనం చేయాలి. అస్థికల్ని గోదావరికి పంపనక్కర్లేదు. మా ఆయనను పెట్టిన శ్మశానంలో ఆయన పక్కనే పెట్టాలి. నేను వెళ్ళి అడిగి వచ్చాను. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి కంప్యూటరులో చూసి, భార్యకు చోటుంది, ఇక్కడ సంతకం చేయండి అంది. ఇంకేమీ అడగలేదు. శ్మశానానికి ఉన్న మర్యాద సంఘానికి లేకపోయింది.

ఈ ఫైలు చూశాక కూడా ఆయన పక్కనేనా అని సుమతి అడిగింది. అవును. ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. పోట్లాట సగంలో ఆపి వేరే గదిలో పడుకునే అలవాటు మాకు లేదు.

సమాధిరాయి మీద ఆయన పేరు కింద నా కోసం జాగా వదిలారు. అక్కడ నా పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చెక్కించాలి. వాటి కింద, తెలుగు అక్షరాల్లో, తప్పు పోకుండా సుమతి దగ్గరుండి, ఈ వాక్యం చెక్కించాలి: "ఈమె ఇంటికి సాయిబిణ్ ఇరవై తొమ్మిదిసార్లు వచ్చింది. ముప్పయ్యోసారి రాకుండా ఈయన సంతకం పెట్టారు."

కజెటాన్‌కి తెలుగు చదవడం రాదు. ఏం రాశారని అడుగుతారు. పక్కనే ఉంటాను కాబట్టి చదివి చెబుతాను.

ఈ పది అంశాలూ నా చేత్తో రాసి, పైకి చదువుకుని, ప్రతి పేజీ కింద సంతకం చేశాను.

ఎడిసన్, 2026 జనవరి 24, శనివారం.

(సంతకం)
ఉమామహేశ్వరి ఫుర్తాదో

సాక్షులు: పై సంతకం ఆమె మా ఇద్దరి ఎదుట చేశారు. మేము ఈ వీలునామా వల్ల ఏమీ పొందేవాళ్ళం కాము.

1. కె. లక్ష్మీపతి, మందుల దుకాణం, ఐసెలిన్
2. పి. విశ్వనాథం, పక్కింటి వాస్తవ్యుడు, ఎడిసన్